పగలు పడుకోకూడదన్నారు

మా ఇంట్లో షుగర్ గురించి అందరికీ ఏదో ఒకటి తెలుసు. మా అత్తగారికి కాకరకాయ రసం తెలుసు. మా మరిదికి నేరేడు గింజల పొడి తెలుసు. పక్కింటావిడకు మెంతులు నానబెట్టిన నీళ్ళు తెలుసు. ఏ పెళ్ళికి వెళ్ళినా భోజనాల దగ్గర ఎవరో ఒకరు మా ఆయన విస్తరి వైపు వంగి చూసేవాళ్ళు. "అన్నం మళ్ళీ పెట్టించుకున్నావేందయ్యా, షుగరున్నోడివి" అనేవాళ్ళు. ఆయన ఏం తింటున్నారో ఊరంతా చూసింది. ఎంత నిద్రపోతున్నారో ఎవరూ చూడలేదు.

కోపం లేకుండా రాయాలని మొదలుపెట్టి ఈ కాగితాలు ఇప్పటికే కొన్ని చించేశాను. కోపం తీసేస్తే మిగిలేది జాలి కబుర్లలా ఉంటోంది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది అద్దంకి వైపు ఒక పల్లె. నల్లరేగడి నేల. మా ఆయన, మరిది కలిసి మిరప వేసేవాళ్ళు, కొంత పత్తి. నేను పక్క ఊరి హైస్కూల్లో సోషల్ చెబుతాను. మాకు ఒక్కతే అమ్మాయి, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

మిరప సంగతి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. కోసిన కాయను పొలం నుంచి కల్లానికి తెస్తారు. కల్లం అంటే కాయ ఎండబోసే చోటు. మాది ఊరి బయట, రోడ్డు పక్కనే. పొద్దున పట్టాల మీద కాయ పరుస్తారు. సాయంత్రం మంచు దిగకముందే రాశి చేసి కప్పుతారు. కాయ గలగలమనేదాకా రోజూ ఇదే పని. ఒక కోత ఎండి బస్తాలకెక్కేసరికి రెండో కోత వచ్చి పడుతుంది. మాఘంలో మొదలైతే ఎండలు ముదిరేదాకా కల్లం ఖాళీగా ఉండదు. అన్నాళ్ళూ రాత్రి కాపలా ఉండాలి. ధర బాగున్న ఏడు దొంగలు ఆటో కట్టించుకుని మరీ వస్తారు. ధర లేని ఏడు దొంగలు రారు కాని, వాన వస్తుంది. వాన వాసన తగిలితే లేచి పట్టాలు సరిచూసుకోవాలి, అంచుల మీద రాళ్ళు పెట్టాలి. ఒక్క తడుపు తగిలితే కాయ తాలైపోతుంది, ఎర్రగా ఉండాల్సింది తెల్లబడుతుంది.

కాపలాకు మనిషిని పెట్టుకోవచ్చు. చాలామంది పెట్టుకుంటారు. మా అత్తగారింట్లో పెట్టుకోరు. రాశి దగ్గర ఇంటి మనిషి పడుకోవాలి, అందులోనూ పెద్దకొడుకు పడుకోవాలి అనేది ఆ ఇంటి పద్ధతి. మామగారు అలాగే పడుకున్నారు, ఆయన తండ్రీ అలాగే పడుకున్నారు. పరాయివాడు పడుకుంటే ఆ ఇంట్లో మగదిక్కు లేదని నలుగురూ అనుకుంటారట.

మా మరిదికి అద్దంకిలో పురుగుమందుల కొట్టు ఉంది. పొలం ఇద్దరిదీ. కాయ ఇద్దరిదీ. కాపలా మాత్రం మా ఆయనది.

ఆయనకు షుగర్ బయటపడినప్పుడు నలభై దాటి కొంతకాలం అయింది. మొదటినుంచీ ఆయన మాట వినే రోగి. స్వీటు మానేశారు. టీలో చక్కెర మానేశారు. రాత్రిపూట అన్నం మాని జొన్న రొట్టె పట్టారు. బంగినపల్లి మామిడికాయలు ఇంటికి వస్తే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "చాల్లే, తిన్నట్టే" అని బుట్టలో పెట్టేసేవారు. ఇంత చేసినా, తెల్లవారి వేలు గుచ్చి చూస్తే అంకె దిగేది కాదు. మాత్ర పెంచారు. ఇంకో మాత్ర కలిపారు. అయినా అంతే. దాంతో ఇంట్లో అందరికీ ఒక అనుమానం మొదలైంది. దొంగచాటుగా తింటున్నాడని.

"నిజం చెప్పరా అబ్బాయ్, సెంటర్లో ఏమన్నా తింటన్నావా?" అని అత్తగారు నేరుగానే అడిగేవారు.

"తింటన్నానమ్మా. నీ తిట్లు తింటన్నా" అనేవారు ఆయన.

చివరికి నేను పట్టుబట్టి గుంటూరు తీసుకెళ్ళాను. అక్కడ చూసింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. రిపోర్టు చూసింది, మందులు చూసింది, తిండి అడిగింది. తిండి గురించి ఆయన గర్వంగా చెప్పారు. ఆవిడ తల ఊపి, "రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతారండీ?" అంది.

"కల్లం ఉన్నప్పుడా అమ్మా, లేనప్పుడా?"

"కల్లం అంటే?"

ఆయన చెప్పారు. రాశి, పట్టాలు, దొంగలు, వాన, అన్నీ ఓపిగ్గా చెప్పారు. ఆవిడా అంతే ఓపిగ్గా విన్నది.

"మరి అది లేని రోజుల్లో?"

"బానే పడుకుంటానండి. మధ్యమధ్యలో ఒంటేలుకు లేస్తా, అంతే."

"మధ్యమధ్యలో అంటే?"

ఆయన నా వైపు చూశారు. "చాలాసార్లు" అన్నాను నేను.

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "నిద్ర చాలకపోతే ఒళ్ళు అదేదో ఆపద అనుకుంటుందండీ. ఆపదలో పనికొస్తుందని చక్కెరను రక్తంలోకి వదులుతుంది. మీరు వేసుకునే మాత్ర ఒకవైపు లాగుతుంది, ఇది ఇంకోవైపు లాగుతుంది. షుగర్ ఎక్కువైతే రాత్రి లేవాల్సి వస్తుంది. లేస్తే నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే పొద్దున షుగర్ ఇంకా ఎక్కువ చూపిస్తుంది. ఆకలి కూడా ఎక్కువే వేస్తుంది. మీరు తిండి దగ్గర పడుతున్న కష్టంలో సగం నిద్ర దగ్గర పడండి."

"నిద్రపోడానిక్కూడా కష్టపడాలా డాక్టరమ్మా?"

"మీ ఊళ్ళో పడాలనుకుంటా" అంది ఆవిడ. ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది.

రాత్రి నిద్రే ముఖ్యం అని చెప్పింది. రోజూ ఒకే వేళకు పడుకుని ఒకే వేళకు లేవమంది. కాపలా ఎవరితోనైనా పంచుకోమంది. ఏ రాత్రైనా తప్పక మేలుకోవాల్సి వస్తే మర్నాడు చీకటి గదిలో కొంతసేపైనా పడుకోమంది. అది రాత్రి నిద్రకు సాటి రాదు కాని, అసలు లేకపోవడం కన్నా నయం అంది.

తిరుగు బస్సులో ఆయన కిటికీకి తల ఆనించి, గుంటూరు దాటకముందే నిద్రపోయారు. నోరు కొంచెం తెరుచుకుంది. గతుకుల్లో తల కిటికీకి కొట్టుకుంటుంటే నా చేతిసంచీ మడిచి మధ్యలో పెట్టాను. అద్దంకి వచ్చాక కండక్టరు వచ్చి అరిస్తే కాని లేవలేదు. పెళ్ళయినప్పటినుంచి ఈయన నిద్రపోగా నేను ఇంత తీరిగ్గా చూడలేదని అప్పుడు అనిపించింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఇంట్లో మాట కదిపాను. అప్పటికి రెండో కోత కల్లంలో ఉంది. అత్తగారు అరుగు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నారు. మరిది కొట్టు మూసి అప్పుడే వచ్చాడు.

"ఏవయ్యా, కాపలాకు వంతులు వేసుకోండి. ఒక రాత్రి మీ అన్నయ్య, ఒక రాత్రి నువ్వు" అన్నాను.

"అమ్మో, నా వల్ల కాదు వదినా. పొద్దున్నే కొట్టు తియ్యాలి. నిద్ర చాలకపోతే ఒక మందు బదులు ఇంకో మందు ఇచ్చానంటే రైతు చేను మాడిపోద్ది. నిద్ర లేకుండా చేసే పనా అది?"

ఈ మాటలో ఉన్నదేమిటో అతనికి తట్టలేదు. అక్కడున్న ఎవరికీ తట్టలేదు.

"పోనీ మనిషిని పెడదాం."

అత్తగారు వెల్లుల్లి చేట పక్కన పెట్టారు. "పెద్దోడు ఇంట్లో పెళ్ళాం పక్కన పడుకుని కల్లానికి కూలోణ్ణి పంపాడంటారమ్మా. మీ మామగారు జొరంతో కూడా పోయాడు కల్లానికి."

"పోనీ కెమెరా పెట్టిద్దాం. సెల్‌ఫోన్లో కనపడుతుందంట."

మరిది గట్టిగా నవ్వాడు. "కెమెరా దొంగను చూసుద్ది గాని పట్టుకుద్దా వదినా? వానొస్తే పట్టా కప్పుద్దా?"

"నిద్రకీ షుగరుకీ సమ్మంధం ఏందమ్మా?" అన్నారు అత్తగారు. "మీ మామగారికీ షుగరేగా. మధ్యాన్నం అన్నం తిని పడుకుంటే పొద్దుగూకిందాకా లేచేవాడు కాదు. ఏమైంది? ఆ నిద్రే తీసుకుపోయింది ఆయన్ని. పగటి నిద్ర షుగరుకి విషమని ఆర్‌ఎంపీ డాక్టరు నాకు చెప్పాడు అప్పుడే."

అందరూ ఆగాక మా ఆయన, "పోనీలేవే. ఇయ్యాళ్టి పనా ఇది" అని దుప్పటి మడిచి బండికి కట్టుకుని వెళ్ళిపోయారు.

అలా రాత్రి నిద్ర సంగతి తేలిపోయింది. నాకు మిగిలింది పగటి నిద్ర. కనీసం అదైనా దక్కించాలనుకున్నాను. వెనక గది కిటికీకి పాత నల్ల దుప్పటి కట్టాను. మంచం మార్చాను. ఫ్యాను చప్పుడు చేస్తుంటే బాగుచేయించాను. పొద్దున కల్లం నుంచి రాగానే ఏదో ఒకటి తిని, మాత్ర వేసుకుని పడుకోమని ఆయనకు చెప్పాను. ఆయన సరేనన్నారు. నేను బడికి వెళ్ళేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి పక్క వేసినట్టే ఉండేది, ముడత కూడా పడేది కాదు.

"పడుకోలేదా?"

"పనుంది."

ఏం పనో నాకు ఎండాకాలం ఒంటిపూట బళ్ళు మొదలయ్యాక తెలిసింది. మొదటి రోజు మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి ఆయన వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. కళ్ళు ఎర్రగా, రెప్పలు వాచి ఉన్నాయి. ఎదురుగా అత్తగారు పీట మీద కూర్చుని, ఎవరిదో పెళ్ళిలో ఎవరో అలిగిన సంగతి చెబుతున్నారు. ఆయన తల వాలగానే మోకాలు పట్టి కుదుపుతున్నారు.

"లెగు నాయనా, కళ్ళు మూయమాక. మొహం కడుక్కునిరా పో. ఆ తర్వాతేమయిందంటే..."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆవిడ గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు జ్వరం వచ్చిన పిల్లవాడికి మందు తాగించే గొంతు అది. తన కొడుకును చావు నుంచి కాపాడుకుంటున్నాననే ఆవిడ నమ్మకం. రాత్రంతా మేలుకున్న మనిషిని పగలంతా మేలుకోబెట్టడానికి ఆవిడ తన మధ్యాహ్నపు కునుకు కూడా మానుకున్నారు. ఇది నాకు తెలుసు, మర్చిపోను. క్షమించడానికి మాత్రం ఇది నాకు చాలలేదు.

"అత్తయ్యా, ఆయన్ను పడుకోనివ్వండి" అన్నాను.

"పగలు పడుకుంటే పెరుగుద్దమ్మా. నీకు తెల్వదు."

"డాక్టరే చెప్పింది."

"ఆ పిల్లకి పెళ్ళయిందా?"

"ఏమో. దానికీ దీనికీ ఏంటి?"

"షుగరున్న మొగుడితో కాపరం చేసిందా అని అడుగుతున్నా. నేను చేశాను. పుస్తకాలు చదివితే వచ్చేది కాదు."

ఆయన మధ్యలో, "మీ ఇద్దరూ అరుచుకుంటంటే నిద్ర ఎటూ పోయిందిగా, ఇంక వదిలెయ్యండి" అన్నారు.

మర్నాటి నుంచి నేను వెనక గది తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పరీక్ష పేపర్లు దిద్దుకుంటూనో, లైబ్రరీ పుస్తకం చదువుకుంటూనో కూర్చునేదాన్ని. అత్తగారు వసారాలోంచి చూసి గిన్నెలు గట్టిగా పెట్టేవారు. ఎవరైనా వస్తే "ఆయన లేరు" అని చెప్పేదాన్ని. బండి బయటే కనపడుతుండేది, అయినా అదే చెప్పేదాన్ని. మొదట్లో ఆయన అటూ ఇటూ దొర్లేవారు. తరవాత తరవాత పడుకోగానే గురక వినపడేది.

ఒంటిపూట బళ్ళు ఉన్నన్నాళ్ళూ అలా గడిచింది. మందు మార్చలేదు. తిండి మార్చలేదు. తెల్లవారి అంకె మాత్రం మెల్లిగా దిగింది. మొదటిసారి ఆ మిషను తప్పు చూపిస్తోందేమోనని ఆయన రెండో వేలు కూడా గుచ్చుకుని చూశారు. రాత్రి కల్లంలో ఒంటేలుకు లేవడం తగ్గిందన్నారు. చిరాకు తగ్గింది. ఫోన్లో అమ్మాయితో ఎక్కువసేపు మాట్లాడారు. "టీచరమ్మా, నన్ను కూడా బళ్ళో వేసుకున్నట్టున్నావే, పడుకోమంటే పడుకోవాలి, లెగమంటే లెగాలి" అని నన్ను ఆటపట్టించారు. ఆ నెల నాకు ఉన్న మంచి జ్ఞాపకం. అది కూడా కుర్చీలో కూర్చుని తలుపు కాసిన జ్ఞాపకమే.

దాన్ని ఊరు పాడుచేసింది. పెద్ద కుట్రేమీ కాదు, నవ్వులాట. సెంటర్లో టీ కొట్టు దగ్గర ఆయన ఈడువాళ్ళు పట్టుకున్నారు.

"ఏరా, మీ ఆవిడ తలుపు దగ్గర కాపలా కాస్తా ఉంటే నువ్వు లోపల నిద్రపోతన్నావంటగా?"

"జోలపాట కూడా పాడుద్దా టీచరమ్మ?"

"కల్లానికి నువ్వు కాపలా, నీకు మీ ఆవిడ కాపలా. ఇంక మీ ఆవిడకి ఎవరిని పెట్టాలిరా?"

ఆయన ఇంటికి వచ్చి ఈ మాటలన్నీ తానే నవ్వుతూ చెప్పారు. చివర్లో నవ్వు ఆగిపోయింది. "నవ్వుతున్నారే" అన్నారు.

"నవ్వితే నవ్వనివ్వండి."

"నీకేం, నువ్వు బళ్ళో ఉంటావు. నేను ఊళ్ళో తిరగాలి."

వేసవి సెలవుల్లో కల్లం ఖాళీ అయింది, రాత్రులు ఇంట్లోనే పడుకున్నారు. నేను ఊరట పడ్డాను. మరుసటి ఏడు కాయ కల్లానికి రాగానే మళ్ళీ మొదటికి వచ్చింది. పగలు వెనక గదిలోకి వెళ్ళమంటే వెళ్ళలేదు. బండి మీద పొలానికి పోయేవారు, అద్దంకి పోయేవారు, తమ్ముడి కొట్లో కూర్చునేవారు. పడుకోవడం అంటే సిగ్గుపడేవారు. తాగుడుకు కూడా మా ఊళ్ళో అంత సిగ్గుపడరు.

ఆ ఏడు ఎండబోత వేళకు మబ్బులు పట్టాయి. వాన రాదు, పోదు. వరసగా కొన్ని రాత్రులు ఆయన పట్టాల దగ్గరే తిరుగుతూ గడిపారు. తెల్లవారి అంకె చూడడం మానేశారు. చూడమంటే, "చూసి ఏం చేద్దాం" అన్నారు. మరిదికి మళ్ళీ చెప్పాను. "ఈ మబ్బు తేలిపోనీ వదినా, చూద్దాం" అన్నాడు.

మబ్బు తేలిపోయిన పొద్దున, కల్లం నుంచి ఇంటికి వస్తూ ఆయన బండి రోడ్డు దిగి పక్క కాలవలో పడింది. రోడ్డు తిన్నగా ఉంటుంది అక్కడ. వెనక వస్తున్న ట్రాక్టరు డ్రైవరు చూశాడు. ఆస్పత్రికి తెచ్చింది కూడా అతనే.

"ఎవరూ అడ్డం రాలేదమ్మా. గేదె కూడా లేదు. బండి మెల్లిగా పక్కకి పోయింది. బ్రేకు కూడా ఎయ్యలేదు. నిద్రపోయాడు ఆయన" అన్నాడు నాతో.

కాలు విరిగింది. మోకాలి కింద పెద్ద గాయం. గుంటూరు తీసుకెళ్ళారు. ఆపరేషన్ చెయ్యాలంటే షుగర్ దిగాలన్నారు. ఇన్సులిన్ పెట్టారు. రెండు రోజులు మగతగా పడి ఉన్నారు. మూడో రోజు కాస్త తేరుకుని నన్ను దగ్గరకు పిలిచారు.

"పగలు పడుకుంటే ఇక్కడెవరూ ఏమీ అనట్లేదే" అన్నారు.

నేను నవ్వాలని ఆయన అన్నారు. నేను నవ్వాను.

మధ్యాహ్నం అత్తగారు వచ్చారు. ఆయన నిద్రలో ఉన్నారు. ఆవిడ అలవాటుగా మంచం దగ్గరకు వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి, "లెగు నాయనా" అనబోయారు. నర్సు అటుగా వస్తూ, "పేషెంటును లేపమాకమ్మా, పడుకోనివ్వు" అంది. ఇరవయ్యేళ్ళు కూడా దాటినట్టు లేదు ఆ పిల్లకు. పెళ్ళయిందో లేదో ఆవిడ అడగలేదు. వెంటనే చెయ్యి తీసేసి, స్టూలు మీద ఒదిగి కూర్చున్నారు.

ఆపరేషన్ చేశారు. గాయం మానలేదు. చీము పట్టింది. అది రక్తంలోకి పాకిందన్నారు. ఆ తరవాత డాక్టర్లు మాతో మాట్లాడే తీరు మారింది. ఒక సాయంత్రం ఆయన పోయారు.

నిద్ర లేకే పోయారని నేను అనను. ఏ డాక్టరూ నాతో అలా అనలేదు. షుగర్ అదుపులో ఉండి ఉంటే తట్టుకునేవారు అని మాత్రం అన్నారు. అదుపులో లేనిది ఎందుకో ఎవరూ అడగలేదు. ఆ తరవాత నేను నిద్ర గురించీ షుగర్ గురించీ దొరికినవన్నీ చదివాను. ఆ డాక్టరమ్మ చెప్పిందే అన్నిట్లోనూ ఉంది. అందులో ఒంటి సంగతి ఉంది, ఇంటి సంగతి లేదు.

అమ్మాయి రావాలి కాబట్టి ఆ రాత్రి ఆయన్ను ఇంట్లోనే ఉంచారు. మా వైపు చనిపోయిన మనిషిని రాత్రిపూట ఒంటరిగా వదలరు, ఎవరో ఒకరు మేలుకుని పక్కన ఉండాలి. మగవాళ్ళంతా వచ్చారు. టీ కొట్టు దగ్గర నవ్వినవాళ్ళు కూడా వచ్చారు. వాకిట్లో కుర్చీలు వేసుకున్నారు. నేను లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను, వాళ్ళ మాటలు వినపడుతున్నాయి.

"ఒరేయ్, నువ్వు కాసేపు నడుం వాల్చు. నేను కూచుంటా."

"నువ్వు పొద్దున పొలం పోవాలిగా. ముందు నువ్వు పడుకో, నేను తర్వాత పడుకుంటా."

"సరే, నిద్రొస్తే లేపు నన్ను."

ఎవరూ చెప్పకుండా వంతులు వేసుకున్నారు. ఎంత తేలిగ్గా కుదిరాయి ఆ వంతులు! మా మరిది ఒక్క క్షణం కూడా కన్ను మూయలేదు. అన్న తల దగ్గరే కూర్చున్నాడు. పొద్దున కొట్టు తీయలేదు. అతని దుఃఖం అబద్ధమని నేను అనుకోవడం లేదు. ఆ ఒక్క రాత్రి కూర్చున్న మనిషి, అంతకుముందు వారానికి ఒక్క రాత్రి కల్లంలో పడుకుని ఉంటే ఏమయ్యేదో అని మాత్రం అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను.

పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర మాట్లాడుకున్నారు. "ఏం చేస్తాం, నోరు కట్టుకోలేకపోయాడు" అన్నాడొకాయన, బూరె కొరుకుతూ. "షుగరంటే నోరేగా" అన్నాడు ఇంకొకాయన. మామిడికాయ వాసన చూసి బుట్టలో పెట్టేసిన మనిషి గురించి అన్నారు ఈ మాట. నేను విన్నాను. వడ్డించేవాళ్ళు నా పక్కనుంచి వెళ్ళి వాళ్ళకు ఇంకో రెండు బూరెలు వేశారు.

మరుసటి ఏడు మిరప వేయాలా వద్దా అని మరిది కొన్నాళ్ళు ఊగిసలాడాడు. చివరికి వేశాడు. కాయ కల్లానికి వచ్చింది. రాశి దగ్గర ఇంటి మనిషి పడుకోవాలన్న మాట ఎవరూ ఎత్తలేదు. కల్లంలో ఇనప స్తంభం పాతించి సోలారు కెమెరా పెట్టించాడు. కెమెరా పట్టా కప్పదు కాబట్టి ఒక మనిషిని కూడా పెట్టాడు. మగదిక్కు లేదని ఊళ్ళో ఎవరూ అనలేదు. కెమెరా బాగుందని చూడ్డానికి మాత్రం వచ్చారు.

ఆ శీతాకాలమే మరిదికి షుగర్ బయటపడింది. గుంటూరు వెళ్ళి వచ్చాడు. ఆ డాక్టరమ్మ దగ్గరకే. వచ్చి అరుగు మీద కూర్చుని నా మొహం చూడకుండా, "నిద్ర సంగతే అడిగింది వదినా" అన్నాడు. "ఏం చెప్పావు?" అన్నాను. "సరిగ్గా పట్టట్లేదన్నాను. అన్న పోయిన కాణ్ణించి పట్టట్లేదు." నేను లోపలికి వెళ్ళి అతనికి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. అంతకుమించి నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేకపోయింది.

ఈ ఎండాకాలం మళ్ళీ ఒంటిపూట బళ్ళు పెట్టారు. మొన్న మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి ఇల్లంతా చప్పుడు లేదు. వసారాలో టీవీ కట్టేసి ఉంది. వెనక గది తలుపు వేసి ఉంది. దాని ముందు నా కుర్చీలో అత్తగారు కూర్చుని ఉన్నారు. రాత్రంతా నిద్ర పట్టలేదని మరిది మధ్యాహ్నం కొట్టు కుర్రాడికి అప్పజెప్పి వచ్చాడట. వాకిట్లోంచి నా చెప్పుల చప్పుడు వినగానే ఆవిడ వేలు పెదవుల మీద పెట్టుకున్నారు.

"మెల్లిగా అమ్మాయ్" అన్నారు, ఊపిరిలో కలిపి. "వాడు పడుకున్నాడు."

ఆవిడ మొహంలో నా కోసం ఏమైనా ఉందేమోనని చూశాను. ఎదురుచూపు ఉంది, చప్పుడు చేస్తానేమోనన్న భయం ఉంది. ఇంకేమీ లేదు. కిటికీకి నేను కట్టిన నల్ల దుప్పటి ఇంకా అలాగే ఉంది.

అరవాలనిపించింది. తలుపు మీద గట్టిగా కొట్టాలనిపించింది. లోపల పడుకున్నవాడు కూడా షుగర్ ఉన్న మనిషే.

చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, గోడ వారగా నా గదిలోకి నడిచాను. ఆ తలుపు ముందు అలా నడవడం ఆ ఇంట్లో అందరికన్నా ముందు నేర్చుకున్నది నేనే.